సర్కారు తరఫున ఎవరు?



మణికొండలో ఫ్లాటు కొన్నవాళ్లు తమ సేల్‌డీడ్ చివర ఉండే షెడ్యూలు ఒకసారి తీసి చూడండి. ఫ్లాటు నంబరు, అంతస్తు, చదరపు అడుగులు, కారు పార్కింగు, నేలలో వాటా ఇన్ని గజాలు, నాలుగు దిక్కుల హద్దులు. ఇవన్నీ కొనేముందు ఒకటికి పదిసార్లు చదివినవే. వాటి మధ్యలో ఎవరి కన్నూ నిలవని వరుస ఒకటుంటుంది: మణికొండ జాగీర్ గ్రామం, గండిపేట మండలం, రంగారెడ్డి జిల్లా. కొందరి కాగితాల్లో అదే చోట మణికొండ ఖల్సా అని ఉంటుంది. జాగీర్లు రద్దయి డెబ్బయి అయిదేళ్లు దాటింది. అయినా ఇరవయ్యో అంతస్తులో కూర్చుని అమెరికా కంపెనీకి పనిచేసే కుర్రవాడు కాగితం ప్రకారం ఇప్పటికీ జాగీరులోనే కాపురం ఉంటున్నాడు.

ఖల్సా ఊరంటే సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసుకునే ఊరు. జాగీరు ఊరంటే ఆ శిస్తును సర్కారు ఇంకొకరి పేర రాసిచ్చిన ఊరు. పక్కపక్కనే ఉన్న ఈ రెండు మణికొండల్లో జాగీరు మణికొండ కథే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తగాదా పడిన నేల 1654 ఎకరాల 32 గుంటలు. ఒకవైపు రాష్ట్ర ప్రభుత్వం, ఇంకోవైపు వక్ఫ్ బోర్డు. తీర్పు 2022 ఫిబ్రవరి 7న వచ్చింది. ఆనాటి పత్రికలు వేల కోట్ల భూమి అని పెద్దక్షరాల్లో రాశాయి. నాకు ఆ కోట్ల లెక్క మీద అంత ఆసక్తి లేదు. నిజాం కాలంలో ఏ దఫ్తరులోనో రాసిన కాగితం ఇన్ని ప్రభుత్వాలు మారాక, ఇన్ని శాఖల చేతులు దాటాక, ఢిల్లీలో జడ్జీల బల్ల మీదికి ఎలా చేరింది? దాన్ని చేర్చవలసిన పని ఎవరిది? సర్కారుకూ ఒక న్యాయశాఖ ఉంటుంది కదా, దాని చరిత్ర ఏమిటి? ఈ పూట నేను మాట్లాడేది దాని గురించి.

మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాను అయ్యాడు. అప్పటికి హైదరాబాదు రాజ్యంలో న్యాయం చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఖాజీ ఉన్నాడు, కొత్వాలు ఉన్నాడు. జాగీర్దారు తన జాగీరులో తానే తీర్పరి. అప్పిచ్చిన సాహుకారు కోర్టు గుమ్మం తొక్కకుండానే అరబ్బు జవాన్లను పంపి బాకీ రాబట్టుకునేవాడు, అవసరమైతే బాకీదారును తన దగ్గరే బంధించి ఉంచేవాడు. ఎవరి తీర్పుకు ఎవరు కట్టుబడాలో తెలియని కాలం. సాలార్‌జంగ్ పట్నంలో దివానీ అదాలతులు, ఫౌజ్‌దారీ అదాలతులు వేరువేరుగా నిలబెట్టాడు. 1865లో రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టే జిల్లాబందీ చేశాడు. 1868లో పాలన మొత్తాన్ని నలుగురు సదర్-ఉల్-మహాముల చేతుల్లో పెట్టాడు. వాళ్లను మంత్రులనుకోవచ్చు. ఒకరికి న్యాయం, ఒకరికి రెవెన్యూ, ఒకరికి పోలీసు, మిగిలినవన్నీ నాలుగో ఆయనకు. హైదరాబాదులో న్యాయానికంటూ ఒక శాఖ, దానికొక పెద్ద, ఒక దఫ్తరు ఏర్పడింది అప్పుడే.

శాఖ ఏర్పడింది కానీ చాలాకాలం దానికి ఒంటరి కాపురం దక్కలేదు. తర్వాతి రోజుల్లో ఆ ఆఫీసు పేరు జుడీషియల్, పోలీస్ అండ్ జనరల్ డిపార్ట్‌మెంట్స్. అన్నిటికీ కలిపి ఒకే సెక్రటరీ. ఆ జనరల్ అనే ఒక్క మాట కింద బడులు, కళాశాలలు, పురావస్తువులు అన్నీ దూరేవి. గులాం యజ్దానీ 1914 నుంచి నిజాం పురావస్తు శాఖను నడిపాడు. ఇటలీ నుంచి నిపుణులను రప్పించి అజంతా చిత్రాలను బాగుచేయించింది ఆ శాఖే. దాని వార్షిక నివేదికల మీద ప్రభుత్వ ఉత్తర్వు ఏ పేరుతో వెలువడేదో చూడండి: జుడీషియల్, పోలీస్ అండ్ జనరల్. అక్బర్ హైదరీ 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కావాలని నిజాముకు విన్నపం రాసినప్పుడు ఆయన కూర్చున్నదీ ఆ కుర్చీలోనే. దొంగను పట్టే శాఖ, దొంగకు శిక్ష వేసే కోర్టుల ఆలనాపాలనా చూసే శాఖ, అజంతా గోడల మీది బొమ్మలను కాపాడే శాఖ, మూడింటి ఫైళ్లూ ఒకే బల్ల మీద. నవ్వొస్తుంది కానీ, అన్నీ ఒకరి ఎరుకలో ఉన్నప్పుడు ఏ కాగితం ఎక్కడుందో చెప్పగలిగే మనిషి ఒకడైనా ఉండేవాడు. ఈ సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.

చట్టాలు రాసే పని ఇంకా ఆలస్యంగా మొదలైంది. 1893లో శాసన మండలి ఏర్పడింది. అంతవరకూ ఫర్మానాలు, గష్తీలనే సర్క్యులర్లు, ఏ శాఖకు ఆ శాఖ జారీ చేసుకున్న దస్తూర్లు. 1919లో ఏడో నిజాం కార్యనిర్వాహక మండలి ఏర్పాటు చేసి సర్ అలీ ఇమాంను దానికి అధ్యక్షుడిగా తెచ్చుకున్నాడు. ఆయన స్వయానా బారిస్టరు, అంతకు ముందు వైస్రాయి మండలిలో న్యాయ సభ్యుడిగా చేసినవాడు. ఆ మరుసటి ఏడు, 1920 ఏప్రిల్‌లో, మూసీ ఒడ్డున హైకోర్టు కొత్త భవనం తెరిచారు. 1921లో నిజాం ఒక ఫర్మానా ఇచ్చి న్యాయవ్యవస్థను పాలనా యంత్రాంగం నుంచి వేరుచేశాడు. తహసీల్దారు, తాలూక్‌దారు పగలు శిస్తు వసూలు చేసి సాయంత్రం అదే మనిషి మీద తీర్పు చెప్పే పద్ధతి పోయింది. బ్రిటిష్ ఇండియాలో కాంగ్రెసువాళ్లు ఏళ్ల తరబడి తీర్మానాలు చేస్తున్నా జరగని పని అది. నిజాం పాలన మీద చెప్పవలసిన నిష్ఠూరాలు చాలా ఉన్నాయి. ఈ ఒక్క పనిని మాత్రం మెచ్చుకోక తప్పదు.

అయితే ఆ విభజన గీత భూమి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. మణికొండ కథకు ఇదే మూలం. జాగీర్లు, ఇనాములు, రుసుములు, సర్కారు దయతో ఇచ్చిన దానాలన్నిటినీ కలిపి అతియాత్ అనేవారు. వాటి మీద తగాదా వస్తే విచారించేది మామూలు అదాలతు కాదు. రెవెన్యూ శాఖలోనే ఒక యంత్రాంగం ఉండేది. దాని పెద్దను నాజిం అతియాత్ అనేవారు. జాగీర్దారు చనిపోతే వారసుడు తనంత తాను జాగీరు ఎక్కడానికి లేదు. విచారణ జరగాలి. పాత సనదు, అంటే దానపత్రం, తేవాలి, దాని మీది ముద్ర ఏ పాదుషాదో, ఏ నిజాముదో తేలాలి, షరతులేమిటో చూడాలి. అంతా తేలాక ఆ వివరాల సారాంశంతో ఒక మున్‌తఖబ్ ఇచ్చేవారు. ఎవరి పేర, ఏ ఊరు, ఎంత రాబడి, ఏ పనికి, ఎన్ని తరాలకు అన్నీ అందులో ఉండేవి. హక్కుకు ఆధారం సనదే అయినా, పాలనలో చెల్లుబాటయ్యే కాగితం మున్‌తఖబే.

జాగీర్లలో రకాలుండేవి. మనిషి సొంతానికి ఇచ్చింది వేరు, సైన్యం పోషించడానికి ఇచ్చింది వేరు, ఫలానా సేవ చేస్తూ ఉన్నంతకాలం అనుభవించమని ఇచ్చింది వేరు. ఈ చివరిదాన్ని మష్రూత్-ఉల్-ఖిద్మత్ అంటారు. మష్రూత్ అంటే షరతు మీద ఇచ్చింది, ఖిద్మత్ అంటే సేవ. మణికొండ, షేక్‌పేటల మధ్య హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా ఉంది. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా కాలపు సూఫీ ఆయన. 1562లో కట్టిన హుస్సేన్‌సాగర్ చెరువు ఆయన పర్యవేక్షణలోనే లేచిందనీ, ఆయన పేరే దానికి నిలిచిందనీ చెప్పుకుంటారు. పట్నానికి నీళ్లిచ్చిన మనిషి సమాధి దగ్గర దీపం ఆరకూడదని, ఉర్సు ఆగకూడదని ఏర్పాట్లు చేయడం ఏ రాజయినా చేసే పనే. మణికొండ జాగీరు ఆ దర్గా సేవతో ముడిపడింది. ఆ ముడి ఎలాంటిదన్నదే ఆ తర్వాతి వివాదమంతా. నేలే దేవుడి పేర వదిలేసి వక్ఫ్ చేశారా, లేక సేవ చేసేవాడికి నేల మీది రాబడి ఇచ్చారా?

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నరయ్యాడు. 1949 ఆగస్టు 15న హైదరాబాదు జాగీర్ల రద్దు రెగ్యులేషన్ అమల్లోకి వచ్చింది. దాని పేరులో సంవత్సరం 1358 ఫసలీ. ఫసలీకి 590 గానీ 591 గానీ కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. జాగీర్ అడ్మినిస్ట్రేటర్ అని ఒక పదవి పెట్టి, ఊళ్లన్నిటినీ కొద్ది వారాల్లో స్వాధీనం చేసుకుని, సర్కారు నేరుగా ఏలే దివానీ ఊళ్లలో కలిపేశారు. జాగీర్దార్లకు నష్టపరిహారం లెక్కకట్టే చట్టం ఆ వెనక వచ్చింది. ఎవరికి ఎంత ఇవ్వాలో తేలాలంటే ఎవరి హక్కు ఎంతో తేలాలి కదా. అందుకని జాగీర్లు పోయినా అతియాత్ దఫ్తరు పోలేదు. 1952లో హైదరాబాదు అతియాత్ విచారణల చట్టం చేశారు. ఆ చట్టంలో 13వ సెక్షన్ అతియాత్ కోర్టు తీర్పే అంతిమమని, దాన్ని ఏ న్యాయస్థానంలోనూ ప్రశ్నించడానికి లేదని చెప్పింది. 1921లో న్యాయాన్ని పాలన నుంచి వేరుచేసిన రాజ్యంలోనే, భూమి దానాల దగ్గర మాత్రం రెవెన్యూ అధికారి మాటే ఆఖరి మాట. ఈ అతియాత్ విచారణలోనే మణికొండ జాగీరు మష్రూత్-ఉల్-ఖిద్మత్ అని నమోదైంది. అరవై ఏళ్ల తర్వాత ఆ నమోదు మీద దేశంలోని అతిపెద్ద కోర్టు చేయి వేస్తుందని రాసిన గుమాస్తాకు తెలిసి ఉండదు.

ఇక 1956. కోస్తా, రాయలసీమలు మూడేళ్ల ముందే మద్రాసు నుంచి విడిపోయి కర్నూలులో గుడారాల్లో ఆఫీసులు పెట్టుకున్నాయి. హైకోర్టు 1954 జూలై నుంచి గుంటూరులో నడిచింది, కోకా సుబ్బారావు గారు ప్రధాన న్యాయమూర్తి. నవంబరు 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అన్నీ హైదరాబాదు చేరాయి. మద్రాసు పద్ధతిలో ఇంగ్లీషు బిల్లులు రాయడం నేర్చినవాళ్లూ, ఉర్దూ ఫైళ్లలో పెరిగినవాళ్లూ ఒకే సచివాలయంలో కూర్చున్నారు. న్యాయశాఖకు వచ్చిపడిన మొదటి పని, చట్టాల పుస్తకాలను కలపడం. కలపడం ఏమిటి, కలవలేదు. ఆంధ్ర ప్రాంతానికి మద్రాసు చట్టాలు, తెలంగాణ ప్రాంతానికి హైదరాబాదు చట్టాలు అలాగే ఉండిపోయి, ప్రతి చట్టం పేరు మధ్యలో బ్రాకెట్ పెట్టి ఆంధ్ర ప్రాంతం అనో తెలంగాణ ప్రాంతం అనో రాసుకున్నారు.

ఒక చట్టం ప్రయాణం చెబుతాను. 1907-08 ప్రాంతంలో హైదరాబాదు భూమి రెవెన్యూ చట్టం వచ్చింది, 1317 ఫసలీ అని. 1956 తర్వాత అదే చట్టం ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంతం) భూమి రెవెన్యూ చట్టం, 1317 ఫసలీ. 2014లో రాష్ట్రం విడిపోయింది. విభజన చట్టం 101వ సెక్షన్ పాత చట్టాలను తమకు తగ్గట్టు మార్చుకోవడానికి రెండేళ్లే గడువిచ్చింది. న్యాయశాఖ సరిగ్గా ఆఖరి వేళకు, 2016 జూన్ 1న, జీవో 45 ఇచ్చింది. దాంతో ఆ చట్టం తెలంగాణ భూమి రెవెన్యూ చట్టం, 1317 ఫసలీ అయింది. పేరు రెండుసార్లు మారింది, ఫసలీ మాత్రం కదల్లేదు. గండిపేట తహసీలు కాగితాల్లో ఆ చట్టం ప్రస్తావన చూసిన కొత్త లాయరు 1317ను క్రీస్తుశకం అనుకుంటే కాకతీయుల కాలమైపోతుంది.

న్యాయశాఖ అంటే కోర్టులను నడిపే శాఖ అని చాలామంది అనుకుంటారు. కింది కోర్టుల మీద అదుపు హైకోర్టుది. న్యాయశాఖ పని వేరు. బిల్లులు రాయాలి, శాఖలు అడిగిన న్యాయ సలహా ఇవ్వాలి, గవర్నమెంట్ ప్లీడర్లను నియమించాలి, ఓడిన కేసుల్లో అప్పీలుకు వెళ్లాలా వద్దా చెప్పాలి, నోటరీల దరఖాస్తులు చూడాలి. దాని కార్యదర్శిగా సాధారణంగా జిల్లా జడ్జి స్థాయి అధికారి డిప్యుటేషన్ మీద వస్తారు. అంటే నిన్నటిదాకా సర్కారు కేసుల్లో తీర్పులిచ్చినాయన ఇవాళ సర్కారుకు సలహా ఇస్తారు, రేపు మళ్లీ కోర్టుకు వెళ్లిపోతారు. పైన రాజ్యాంగం 165వ అధికరణ ప్రకారం అడ్వకేట్ జనరల్ ఉంటారు. ఆయన ఏ శాఖకూ చెందరు, గవర్నరు గారి నియామకం. ప్రభుత్వం మారితే ఆయనా మారతారు, ప్లీడర్లూ మారతారు.

ఇక కేసు ఎలా నడుస్తుంది? ఎవరో సర్కారు మీద రిట్ వేశారనుకోండి. నోటీసు గవర్నమెంట్ ప్లీడర్ ఆఫీసుకు వస్తుంది. ఆయన సంబంధిత శాఖకు రాస్తారు, పేరావారీ రిమార్కులు పంపండి అని. శాఖ కలెక్టరుకు రాస్తుంది, కలెక్టరు ఆర్డీవోకు, ఆర్డీవో తహసీల్దారుకు. తహసీలులో ఒక జూనియర్ అసిస్టెంటు పిటిషను ముందు పెట్టుకుని కాగితం మధ్యలో గీత గీస్తాడు. ఎడమ పక్క పేరా నంబర్లు, కుడి పక్క జవాబులు. పేరా 1, 2, 3 రికార్డుకు సంబంధించినవి, వ్యాఖ్య అవసరం లేదు. పేరా 4లోని ఆరోపణ సరికాదు, రుజువు భారం పిటిషనరుదే. పేరా 5కు పైన పేరా 4లో జవాబిచ్చాం. దానికి జత చేయవలసిన పాత భూమి రికార్డులు, అంటే సేత్వారు నకలు, 1954-55 ఖాస్రా పహాణీ నకలు దొరికితే ఉంటాయి, లేకపోతే ‘వెతుకుచున్నాము’ అని ఉంటుంది. అది మళ్లీ మెట్టుమెట్టుగా పైకెక్కి ప్లీడరు బల్ల మీదికి చేరేసరికి రెండు వాయిదాలు దాటిపోతాయి. ఫైలు మెల్లగా కదిలింది కాబట్టి ఆలస్యాన్ని మన్నించాలని ప్రభుత్వాలు కోర్టులను అడిగే పాత అలవాటుకు 2012లో సుప్రీంకోర్టు గట్టిగా అడ్డుకట్ట వేసింది. తపాలా శాఖ 427 రోజులు ఆలస్యంగా వేసిన అప్పీలది. సర్కారుకు వేరే కాలెండరు లేదని కోర్టు తేల్చేసింది.

నేను గమనించమనేది ఒకటే. ఈ దారి మొత్తంలో న్యాయశాఖకు తనదంటూ ఒక్క కాగితం లేదు. సనదు అతియాత్ దఫ్తరుది, పహాణీ తహసీలుది, గెజిట్ ముద్రణాలయానిది, కంపెనీలకు భూమి కేటాయించిన ఉత్తర్వు పరిశ్రమల శాఖది. వంటవాడికి పొయ్యి ఇచ్చి, బియ్యం ఒకరింట్లో, ఉప్పు ఇంకొకరింట్లో పెట్టినట్టు. సర్కారు కేసు ఓడితే ప్లీడరు సరిగ్గా వాదించలేదంటారు. ప్లీడరు వాదించేది తనకు అందినదాన్ని. జుడీషియల్, పోలీస్ అండ్ జనరల్ రోజుల్లో అన్నీ ఒకరి ఎరుకలో ఉండేవన్నాను కదా, అప్పుడు కూడా భూమి కాగితం ఆ గుత్తిలో లేదు. అది ఎప్పుడూ రెవెన్యూదే.

ఇప్పుడు మణికొండకు వద్దాం. 1989 ఫిబ్రవరి 9న వక్ఫ్ ఆస్తుల జాబితా ఒకటి గెజిట్‌లో వచ్చింది. అందులో హుస్సేన్ షా వలీ దర్గాకు చూపించిన విస్తీర్ణం 5506 చదరపు గజాలు. మన లెక్కలో ఎకరా అయిదున్నర గుంటలు. పదిహేడేళ్ల తర్వాత, 2006 మార్చి 13న, వక్ఫ్ బోర్డు దానికి తప్పొప్పుల సవరణ ప్రకటించింది. ఆ సవరణలో చేరినవే ఈ 1654 ఎకరాల 32 గుంటలు. తప్పొప్పుల పట్టికంటే అచ్చులో పడిన అక్షరాన్ని దిద్దేదనే మనకు తెలుసు. ఎకరం దగ్గర్నుంచి వెయ్యిన్నర ఎకరాలు దాటే సవరణ నేను ఇంకెక్కడా చూడలేదు. అయితే వక్ఫ్ పక్షం వాదనను తేలిగ్గా కొట్టిపారేయడానికీ లేదు. దర్గా సేవ కోసం ఇచ్చిన నేల ధర్మానికి ఇచ్చినదే, 1989లో వదిలేసిన దాన్నే చేర్చాం అన్నారు. ఒకసారి వక్ఫ్ అయినది ఎప్పటికీ వక్ఫేనని 1998లో సుప్రీంకోర్టు మన రాష్ట్రపు కేసులోనే చెప్పి ఉంది.

ఆ పదిహేడేళ్లలో నేల మీద ఏం జరిగిందో మీకు తెలుసు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరుచుకున్నాయి. మణికొండ, రాయదుర్గం, గచ్చిబౌలి రాళ్లగుట్టల మీదికి ప్రపంచం వచ్చింది. ప్రభుత్వం, దాని పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీ ఇక్కడి భూములు ఎకరాల లెక్కన కేటాయించాయి. సర్వే నంబరు 201లో ల్యాంకో హిల్స్ లేచింది. ఐఎస్‌బీ, మైక్రోసాఫ్ట్, ఇన్ఫోసిస్, విప్రో, ఎమ్మార్, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, ఇవన్నీ ఈ కేసు కాగితాల్లోకెక్కిన పేర్లే. ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్న నేల కథ ఫారసీ, ఉర్దూ కాగితాల్లో తేలవలసి రావడం విచిత్రమే.

2006 సవరణ మీద రాష్ట్ర ప్రభుత్వమే హైకోర్టులో రిట్ వేసింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. వక్ఫ్ బోర్డు చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ. సచివాలయంలో దాని బాగోగులు చూసేది మైనారిటీ సంక్షేమ శాఖ. భూమి నాదే అంటున్నది రెవెన్యూ శాఖ. కంపెనీలకు ఇచ్చింది పరిశ్రమల శాఖ. అందరూ ఒకే ముఖ్యమంత్రి కింద పనిచేసేవాళ్లే. రెండు ప్రకటనలూ అచ్చయింది ఒకే రాష్ట్ర గెజిట్‌లో. మరి సర్కారు అంటే వీళ్లలో ఎవరు? రిట్ అనేది పౌరుడు సర్కారు మీద వేసుకునేది, సర్కారే రిట్ వేయవచ్చా అనే ప్రశ్న కూడా లేచింది. 2012 ఏప్రిల్ 3న హైకోర్టు రాష్ట్రం పిటిషన్ కొట్టేసింది. రాష్ట్రం ఢిల్లీకి వెళ్లింది.

వెళ్లిన రాష్ట్రం మధ్యలో రెండయింది. అందుకే తీర్పు మీద పేరు స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, బ్రాకెట్‌లో ఇప్పుడు స్టేట్ ఆఫ్ తెలంగాణ. ఉద్యోగులను, ఫైళ్లను రెండు రాష్ట్రాలూ పంచుకున్నాయి. ఆ తర్వాత 2019లో తెలంగాణ సచివాలయం పాత భవనాలు ఖాళీ చేసి బీఆర్‌కే భవన్‌కు మారింది. 2023 ఏప్రిల్ ఆఖర్న కొత్త సచివాలయం తెరిచేదాకా అక్కడే. న్యాయశాఖ ఫైళ్లు కూడా ఆ లారీల్లోనే ప్రయాణం చేశాయి.

సుప్రీంకోర్టులో జస్టిస్ హేమంత్ గుప్తా, జస్టిస్ వి. రామసుబ్రమణియన్ విన్నారు. తీర్పు చదువుతుంటే చట్టం పుస్తకం కంటే నిజాం పాలన చరిత్ర చదువుతున్నట్టుంటుంది. జాగీర్ల రకాలు, ఫర్మానాలు, మున్‌తఖబ్, రద్దు రెగ్యులేషన్, 1952 అతియాత్ చట్టం, నాజిం అతియాత్ ఏం తేల్చాడు, అది ఎందుకు అంతిమం. చివరికి నిలిచింది అదే. భూమి సేవ షరతు మీద ఇచ్చిన జాగీరు, జాగీర్ల రద్దుతో అది సర్కారులో కలిసింది, కలిసినదాన్ని సవరణ ప్రకటనతో వక్ఫ్‌గా చేర్చడం చెల్లదు. 1654 ఎకరాల 32 గుంటలు ఏ భారమూ లేకుండా రాష్ట్రానికీ, ఏపీఐఐసీకీ చెందుతాయని చెప్పారు. రిట్ ప్రశ్నకు కూడా జవాబిచ్చారు. రాష్ట్రం చట్టం దృష్టిలో ఒక వ్యక్తే, తన ఆస్తిని కాపాడుకోవడానికి మామూలు మనిషిలాగే హైకోర్టు తలుపు తట్టవచ్చు.

ఈ గెలుపులో న్యాయశాఖ వాటా ఎంత? నా మట్టుకు నాకు, పెద్ద వాటా ఆ అతియాత్ దఫ్తరు గుమాస్తాలది. దర్గా బాగోగులు చూసే ముతవల్లీ ఎవరు, షరతు ఏమిటి, రాబడి ఎంత అని అడిగి, జవాబు రాసి, ముద్ర వేసి, వరుస నంబరు ఇచ్చి భద్రపరిచినవాళ్లది. ఢిల్లీలో పెద్ద లాయర్లు వాదించింది ఆ కాగితాన్నే. అదే కాగితం దొరక్కపోయి ఉంటే, లేదా అందులో ఒక మాట తేడాగా ఉండి ఉంటే, ఎంత పెద్ద లాయరయినా పేరా 4 సరికాదు, రుజువు భారం అవతలివారిదే అనడం కంటే ఎక్కువ చెప్పలేడు. దర్గా భక్తులు ఈ తీర్పును మనసారా ఒప్పుకున్నారని నేననను. తరతరాలుగా తమదనుకున్న నేల కాగితం మీది షరతు వల్ల పోయిందంటే బాధ ఉంటుంది. ఉర్సు మాత్రం ఆగలేదు.

కథ అక్కడితో ముగియలేదు. 2025లో పార్లమెంటు వక్ఫ్ చట్టాన్ని సవరించింది, ఏప్రిల్ 8 నుంచి అమలు. అందులో ఒక నిబంధన: వక్ఫ్‌గా చూపిన నేల ప్రభుత్వానిదా కాదా అనే వివాదం వస్తే, కలెక్టరు కంటే పై హోదా అధికారి ఒకరు విచారించి తేలుస్తారు, అది తేలేదాకా ఆ నేలను వక్ఫ్‌గా చూడరు. నాజిం అతియాత్ గుర్తొచ్చారా? సర్కారు ఒక కక్షిదారు, సర్కారు అధికారే తీర్పరి. ఆ ఏడాది సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులో ఈ ఏర్పాటును నిలిపివేసింది. ఆస్తి హక్కును తేల్చే పని పాలనాధికారికి అప్పగించడం అధికారాల విభజనకు పొసగదన్నది. 1921 ఫర్మానా భూమి గుమ్మం దగ్గర ఆగిపోయిందన్నాను. ఆ గుమ్మం లోపల ఎవరు కూర్చోవాలన్న వాదన ఢిల్లీలో ఇంకా నడుస్తూనే ఉంది, అందులో మన రాష్ట్రాల న్యాయశాఖలూ తమ తమ అఫిడవిట్లు సిద్ధం చేసుకోవలసిందే. వాటికి కావలసిన పాత కాగితాలు ఏ శాఖ అలమారాలో ఉన్నాయో ముందు కనుక్కోవాలి.